పుష్పమాల తోడా స్త్రీ వేషం: అది స్వీయచిత్రమేనా?

కడప కిటికీ:
బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్. గురించి ఒక ప్రశ్న. 2000–2004 మధ్య ఆమె, బెంగళూరులోనే ఉండే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీ కలిసి దక్షిణ భారత స్త్రీల మీద ఒక ఫోటోల వరుస చేశారు. పాత బొమ్మల్లోని ఆడవాళ్ళ వేషం తనే కట్టి, అదే భంగిమలో కెమెరా ముందు నిలబడటం ఆమె పద్ధతి. రవివర్మ లక్ష్మి, వెన్నెల్లో కూర్చున్న స్త్రీ, తమిళ సినిమా స్టిల్, పోలీసులకు దొరికిన ఇద్దరు ఆడవాళ్ళ పేపర్ ఫోటో, అన్నీ ఉన్నాయి.

నాకు ఇబ్బంది ఒక్క చోటే. గళ్ళ తెర ముందు, నీలగిరుల్లోని తోడా తెగ స్త్రీగా నిలబడిన ఫోటో. బ్రిటిష్ వాళ్ళు మనుషుల ఒళ్ళు కొలవడానికి తీసిన ఫోటోల నకలు అది. అప్పట్లో ఆ తెర ముందు నిలబెట్టినవాళ్ళకు వద్దనే వీలు ఎక్కడిది? బరోడాలో శిల్పం చదువుకున్న కళాకారిణికి ఆ వీలుంది, పేరూ ఉంది. అలాంటప్పుడు ఆ ఫోటోలో కనిపించేది ఎవరి ముఖం?

గోదారి గట్టు:
ముందు ఆ తెర సంగతి చూడండి. రెండేసి అంగుళాల గళ్ళతో కొలిచే పద్ధతిని 1869లో లాంప్రే అనే ఆయన చెప్పాడు. 1890లలో అండమాన్‌లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి గళ్ళ తెర ముందు అక్కడివాళ్ళను నిలబెట్టి ఫోటోలు తీశాడు. మద్రాసు మ్యూజియంలో దాని సూపరింటెండెంట్ థర్‌స్టన్ జనం తలలు, ముక్కులు కొలిచాడు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వచ్చిన ఆయన ఏడు సంపుటాల్లో మన తెలుగు కులాలూ ఉన్నాయి. అంటే ఇది నీలగిరులతో ఆగే కథ కాదు, మన తాతముత్తాతల కథ కూడా.

పుష్పమాల వెక్కిరించేది ఆ కొలతబద్దను. అందుకే లక్ష్మినీ తోడా స్త్రీనీ ఒకే వరుసలో పెట్టింది. పూజించే బొమ్మా, కొలిచే బొమ్మా, రెండూ ఎవరో కట్టిన వేషాలే అని చూపించడానికి. మేకప్ వేస్తుండగా, తెర కడుతుండగా తీసిన ఫోటోలు కూడా ఆ ప్రాజెక్టులో భాగమే. మోసం చేయాలనుకున్నవాళ్ళు తెర వెనకది చూపించరు కదండీ.

ఉప్పుచేప:
లక్ష్మి ఫోటో మా ఇంట్లో ఫోన్‌లో చూపిస్తే మా పెద్దమ్మ దండం పెట్టేసింది. తర్వాత అసలు సంగతి చెబితే నన్ను తిట్టింది 😀 నా లెక్కలో ఆ ఫోటో హిట్.

నల్లరేగడి:
గట్టు గారూ, వెక్కిరింత ఎవరి మీదికి పోతోందన్నది ముఖ్యం. 2014 కొచ్చి బినాలే అనే కళా ప్రదర్శనలో ఆమె వాస్కో డ గామాగా నిలబడింది. 1898లో ఒక పోర్చుగీసు చిత్రకారుడు గామా రాకను ఘనంగా గీసిన పెయింటింగ్‌కు అది నకలు. అక్కడ పద్ధతి అద్భుతంగా పనిచేసింది, ఎందుకంటే దెబ్బ పైవాడికి తగిలింది. పోలీసు ఫోటోలోని ఆడవాళ్ళ సంగతి అలా కాదు. ఒకసారి పేపర్లో పరువు పోయింది, మళ్ళీ గ్యాలరీ గోడ మీద. వాళ్ళను ఎవరడిగారు?

గోదారి గట్టు:
గోడ మీదున్నది వాళ్ళ ముఖాలు కాదు. పుష్పమాల, ఆర్నీ పక్కపక్కన నిలబడ్డారు. బ్రిటిష్ ఫోటోగ్రాఫరే నిందితురాలి స్థానంలోకి రావడం చిన్న విషయమా? నూరేళ్ళ పాటు కెమెరా వెనకే ఉన్నవాళ్ళు ముందుకొచ్చారు. నాకైతే వరుస మొత్తంలో బలమైన ఫోటో అదే.

కడప కిటికీ:
అది ఒప్పుకుంటాను, ఆర్నీ సంగతి మంచి పాయింట్. కానీ తోడా వాళ్ళు పాత ఆల్బమ్‌లో మిగిలిపోయిన జనం కాదు. వాళ్ళ ఎరుపు, నలుపు కుట్టుపనికి 2013లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే ముద్ర, వచ్చింది. బెంగళూరు నుంచి ఊటీకి ఒక్క పగటి బస్సు ప్రయాణం. అడగడానికి మనుషులు ఉన్నప్పుడు వేషం ఎందుకు?

గోదారి గట్టు:
ఊటీ వెళ్ళి ఒక తోడా ఆవిడను గళ్ళ తెర ముందు నిలబెడితే అది మళ్ళీ పోర్ట్‌మన్ పనే. తన ఒంటినే పెట్టింది కాబట్టే నేను దాన్ని స్వీయచిత్రం అంటున్నాను.

కడప కిటికీ:
నిలబెట్టమని కాదండీ నేననేది. తీసిన ఫోటో ఒకటి పట్టుకెళ్ళి, మీ పేరుతో నేను నిలబడ్డాను, చూసి ఏమంటారు అని అడగమంటున్నాను. వాళ్ళు చెప్పింది కూడా ఆ ఫోటో పక్కనే గోడ మీద ఉండాలి.