మాంద్యంలో సమ్మెలు ఎలా గెలిచారు? (అమెరికా, 1934–37)

గేటుకాడ:
1933 నాటికి అమెరికాలో నలుగురు కార్మికుల్లో దాదాపు ఒకరికి పని లేదు. గేటు బయట అంతమంది పని కోసం కాచుకుని ఉంటే, లోపలివాళ్లు పని ఆపిన మర్నాడే కొత్తవాళ్లను దింపేస్తారు కదా. అయినా టొలీడో, మినియాపొలిస్, ఫ్లింట్ ఊళ్లలో సమ్మెలు గెలిచాయి. ‘ఐక్యతతో గెలిచారు’ అంటే నాకు సరిపోదండి. రోజువారీ పని ఎలా నడిపారో తెలిసినవాళ్లు చెప్పండి.

పికెట్‌లైను:
మీ ప్రశ్నలోనే జవాబుంది, ఆ గేటు బయటివాళ్లే. టొలీడోలో కార్ల విడిభాగాలు చేసే ఆటో-లైట్ ఫ్యాక్టరీలో 1934 ఏప్రిల్‌లో సమ్మె కట్టినప్పుడు చాలామంది బయటికే రాలేదు. కంపెనీ కొత్తవాళ్లను పెట్టుకుని పని సాగించింది. ఒక్కో గేటు దగ్గర 25 మందికి మించి పికెటింగ్ చేయకూడదని కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. మామూలుగానైతే సమ్మె అక్కడే ముగిసిపోయేది. టొలీడో ఉన్న లూకస్ కౌంటీలోని నిరుద్యోగుల లీగ్ మాత్రం, మీ ఉత్తర్వును మేం ధిక్కరిస్తున్నామని జడ్జికి ముందే ఉత్తరం రాసి మరీ పికెటింగ్‌కు దిగింది. మే 23 నాటికి గేటు ముందు వేలమంది. మర్నాడు నేషనల్ గార్డ్ (రాష్ట్ర సైనిక దళం) కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఫ్యాక్టరీ మూయక తప్పలేదు. జూన్ మొదట్లో యూనియన్‌కు గుర్తింపు, 5 శాతం పెంపు వచ్చాయి.

నిరుద్యోగులు ఊరికే రాలేదు. వాళ్ల సహాయభత్యం కోసం లీగ్ అంతకుముందు నుంచే కొట్లాడుతోంది. సమ్మె రోజున వెళ్లి ‘మా పొట్ట కొట్టకండి’ అని బతిమాలితే ఎవరూ వినరు. పని పోయిన సభ్యుణ్ని యూనియన్ రిజిస్టర్‌లోంచి కొట్టేయకూడదు. చందా మాఫీ చేసి, మీటింగుల్లో ఓటుహక్కు ఉంచాలి. చాలా యూనియన్లు తప్పేది ఇక్కడే.

డైషాపు:
ఫ్లింట్‌లో కీలకం వేరు. జనరల్ మోటార్స్ (జీఎం) 1937 మోడల్ కార్ల బాడీ రేకులు అచ్చువేసే ముఖ్యమైన డైలు రెండే చోట్ల ఉండేవి: ఫ్లింట్‌లోని ఫిషర్ బాడీ నంబర్ 1లో, క్లీవ్‌లాండ్‌లో. ఆ రెండూ ఆగితే దేశమంతటా లైన్లు ఆగుతాయి. 1936 డిసెంబర్ 28న క్లీవ్‌లాండ్ ఆగింది. 30న ఫ్లింట్‌లో డైలను రైలు వ్యాగన్లలోకి ఎక్కిస్తున్నారని కబురొచ్చింది. యూనియన్ బలంగా లేని ఊళ్లకు తరలించే ఎత్తుగడ అది. ఎదురుగా ఉన్న యూనియన్ ఆఫీసు మీద ఎర్రబల్బు వెలిగింది. అత్యవసర మీటింగుకు అదే గుర్తు. ఆ రాత్రే లోపల బైఠాయించారు.

మనిషి మిషన్ పక్కనే కూర్చుంటే అతని చోటులో ఇంకొకణ్ని పెట్టలేరు. బలవంతంగా లాగేయాలంటే కంపెనీ సొంత మిషన్లే పాడవుతాయి. ఆ ఫ్యాక్టరీ ఎవరిదన్న ప్రశ్నను కార్మికులు కాగితం మీద కాక నేల మీద వేశారు. నాకైతే ఆ పోరాటంలో అన్నిటికన్నా విలువైనది అదే.

దీని వెనక నెలల తరబడి గుట్టుగా చేసిన పని ఉంది. 1936లో ఆటో కార్మికుల యూనియన్ నాయకుడు విండమ్ మార్టిమర్ వచ్చేసరికి ఫ్లింట్‌లో యూనియన్ సభ్యులు 122 మంది, అందులోనూ కోవర్టులు. ఆయన హాల్లో మీటింగులు పెట్టకుండా ఇంటింటికీ తిరిగాడు, కొత్త సభ్యుల పేర్లు స్థానిక నాయకులకు కూడా చెప్పలేదు. అనుమానం అతి కాదు: 1934 నుంచి 1936 మధ్య దాకా డిటెక్టివ్ ఏజెన్సీల మీద జీఎం పెట్టిన ఖర్చు దాదాపు పది లక్షల డాలర్లని సెనేట్ కమిటీ తేల్చింది. 1937 ఫిబ్రవరి 1న ఆ కోవర్టులనే వాడుకున్నారు. ఫ్లింట్‌లోనే ఉన్న జీఎం షెవర్లే ప్లాంటు 9ని పట్టుకుంటామని వాళ్ల చెవిన పడేలా చేశారు. గార్డులంతా అక్కడికి పరిగెత్తారు. ఈలోగా ఇంజన్లు తయారయ్యే ప్లాంటు 4 కార్మికుల చేతికొచ్చింది. ఫిబ్రవరి 11న కంపెనీ సంతకం పెట్టింది.

బొగ్గుయార్డు:
ఒక సవరణ. ఇవన్నీ మాంద్యం అట్టడుగున జరిగినవి కావు, ఆర్డర్లు మళ్లీ పుంజుకుంటున్నప్పటివి. సరుకు అమ్ముడుపోక యజమానే మూసేద్దామనుకుంటున్నప్పుడు సమ్మె కడితే అతని పని తేలికవుతుంది. అప్పుడు చేయాల్సింది భత్యం కోసం, ఇళ్లు ఖాళీ చేయించడాన్ని ఆపడం కోసం పోరాటం.

సమయం ఎంచుకోవడంలో మినియాపొలిస్ లారీ డ్రైవర్ల యూనియన్ లోకల్ 574ను మించినవాళ్లు లేరు. 1934 ఫిబ్రవరిలో, గడ్డకట్టే చలిలో, బొగ్గుయార్డులు ఆపారు. మూడు రోజుల్లో యజమానులు దిగొచ్చారు. తర్వాతి సమ్మెలకు పెద్ద గ్యారేజీ తీసుకుని వంటశాల, వైద్యం, పికెట్ కార్లకు రిపేరు అన్నీ అక్కడే పెట్టారు. ఏ వీధిలో లారీ కదిలినా ఫోను వచ్చేది, కార్లలో మనుషులు వెళ్లి ఆపేవారు. పత్రికలు అబద్ధాలు రాస్తుంటే సొంత దినపత్రిక తెచ్చారు.

ఓటమి కూడా చదవండి. 1937 మేలో ‘లిటిల్ స్టీల్’ కంపెనీల మీద, అంటే యూఎస్ స్టీల్‌తో పోలిస్తే చిన్నవైన ఉక్కు కంపెనీల మీద సమ్మె. మే 30న చికాగోలో పోలీసులు పదిమందిని చంపారు. కంపెనీలు కదల్లేదు, సమ్మె వీగిపోయింది.

గేటుకాడ:
ఫ్లింట్‌లో 44 రోజులు తిండి, వేడి?

డైషాపు:
వంట బయట, ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న హోటల్లో. కిటికీల్లోంచి లోపలికి అందించేవారు. వంటలో, పికెట్లలో ఆడవాళ్లదే పెద్ద చెయ్యి. లోపల మందు నిషేధం, రోజూ మీటింగు, వంతులవారీగా కాపలా, ఊడ్పు. చెత్త పేరుకున్నా, తాగి ఒకడు మిషన్ మీద చెయ్యేసినా పోలీసులకు సాకు దొరుకుతుంది.

బలహీనమైన చోటు ఫ్లింట్‌లోనే ఉన్న ఫిషర్ బాడీ రెండో ప్లాంటు, ఫిషర్ 2. మనుషులు తక్కువ. జనవరి 11న కంపెనీ హీటింగ్ ఆపి, తిండి రాకుండా గేటు మూసింది. పోలీసులు బాష్పవాయువు, తుపాకులతో వచ్చారు. కార్మికులు ఫైర్ హోసులు, కారు తలుపు కీళ్లతో తిప్పికొట్టారు. అక్కడ తిండి దారి కంపెనీ మూయగలిగేలా ఉండటం పెద్ద లోపం, వాళ్లు మూయలేని దారి ఇంకొకటి ఉండాలి.

ఇంకో విషయం, 1939లో సుప్రీంకోర్టు బైఠాయింపు సమ్మెకు చట్టరక్షణ తీసేసింది. ఇక ఫ్లింట్ ఒప్పందం 17 ప్లాంట్లకు, ఆరు నెలలకే. యూనియన్‌ను గుర్తించింది కూడా దాని సభ్యుల తరఫున మాత్రమే. మిగతావాళ్లను చేర్చుకోవడం ఆ ఆరు నెలల్లో ప్లాంటు లోపల చేయాల్సి వచ్చింది.