స్వర్ణముఖి ఇసుకలో చెలమ: వాన రాబోతున్న భావాన్ని ఫొటోలోకి ఎలా తేవాలి?

ప్రశ్న: తిరుచానూరు బాటసారి

మిత్రులకు నమస్కారం. అక్టోబరు రెండో వారంలో ఒక సాయంత్రం, సుమారు ఐదున్నర గంటలకు, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఏటి ఇసుకలో తీసిన ఒక ఫొటోను ఎడిట్ చేయబోయి దారి తోచక మీ సలహా కోరుతున్నాను. ముందుభాగమంతా ఎండిన ఇసుక. అందులో ఎనుముల కోసం ఎవరో వాలుగా తవ్విన చెలమ ఉంది, దాని నిండా నీళ్లున్నాయి. వెనుక, ఉత్తరాన, తిరుమల కొండలు బారుగా కనిపిస్తాయి. కుడివైపున, అంటే తూర్పు నుంచి, మోడం కమ్ముకొస్తోంది. కొండల అంచుకూ ఆ మబ్బుకూ నడుమ సన్నని వెలుతురు పట్టీ ఒకటి మిగిలి ఉంది. కెమెరాను ఇసుకకు జానెడు ఎత్తులో పెట్టి, 24 మిల్లీమీటర్ల లెన్సుతో, రా ఫైలుగా (కెమెరా పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్లు దాచే ఫైలు) తీశాను.

మా నాన్నగారి చిన్నతనంలో ఆ ఏటి ఒడ్డున తాగునీళ్లు చెలమల నుంచే తోడుకునేవారు. ఎండిన ఏటిలో నిలబడి తూర్పున మబ్బు కోసం చూడటం గురించి ఆయన చెప్పినన్ని మాటలు మరి దేని గురించీ చెప్పలేదు. ఈ ఫొటోను 18 అంగుళాల వెడల్పుతో ప్రింటు తీయించి ఆయన గదిలో తగిలించాలని నా కోరిక. తీసేటప్పుడు నాకు ఒళ్లు జలదరించింది గానీ, ఇంటికి వచ్చి తెర మీద చూస్తే చప్పగా ఉంది. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీహేజ్ (మసక పొరను తగ్గించేది), క్లారిటీ (అంచులను గట్టిపరిచేది), శాచురేషన్ (రంగులను చిక్కబరిచేది) అనే మూడు స్లైడర్లనూ పెంచి చూశాను. ఇసుక పసుపు ముద్దలాగా, మబ్బు సిరా ఒలికినట్లుగా మారిపోయి, మొత్తం ఫొటో గంగజాతరకు కట్టిన ఫ్లెక్సీలాగా తయారైంది. నాటకీయత కావాలి, కానీ ఇది కాదు. ఇంకొక సందేహం: దూరాన ఊరి పక్కన కనిపించే సెల్ టవరును చెరిపివేయడం తప్పవుతుందా?

సమాధానం: చంద్రగిరి ఛాయ

మీరు పెంచిన మూడు స్లైడర్లూ ఫొటోలోని ప్రతి చోటా ఒకే విధంగా పని చేస్తాయి కాబట్టి, చెలమా, ఇసుకా, మబ్బూ, కొండా అన్నీ ఒకేసారి గొంతు పెంచి అరుస్తాయి, చూసేవారికి ఏ మాటా వినపడదు. వాటన్నింటినీ సున్నాకు తెచ్చి, మొదట ఒక కాగితం మీద కన్ను వెళ్లవలసిన వరుసను రాసుకోండి. మీ మాటలను బట్టి ఆ వరుస చెలమ, వెలుతురు పట్టీ, మబ్బు. ఇసుకా, కొండా ఈ మూడింటికీ చోటిచ్చి తాము వెనక్కి తగ్గాలి.

ఈ వరుసను రంగుతో కాకుండా వెలుగుతో సాధించడం మేలు. మన కన్ను సాధారణంగా ఫొటోలో ఎక్కువ వెలుతురున్న చోటికీ, వెలుగూ చీకటీ పక్కపక్కన ఉన్న చోటికీ ముందుగా పోతుంది. అందువల్ల చెలమను వెలిగించాలనే ఆలోచన ఎవరికైనా మొదట తోస్తుంది, నేనూ ఒకప్పుడు అదే చేసేవాణ్ణి. అయితే నీటిలో కనిపించే ఆకాశం, అది ఏ భాగానికి ప్రతిబింబమో ఆ ఆకాశం కంటే ఎప్పుడూ కొంత మసకగానే ఉంటుంది, ఎందుకంటే పడిన వెలుతురులో ఒక భాగం నీటి లోపలికి పోతుంది. మీరు కెమెరాను అంత కిందికి దించి తీశారు కాబట్టి, మీ చెలమలో మెరుస్తున్నది కొండల మీది ఆ వెలుతురు పట్టీయే అయి ఉంటుంది. చెలమను పట్టీ కంటే ప్రకాశంగా చేస్తే, కారణం చెప్పలేకపోయినా, ఏదో అబద్ధం ఉందని చూసేవారికి తెలిసిపోతుంది.

కాబట్టి చెలమను దాదాపు ముట్టుకోకుండా దాని చుట్టూ ఉన్నదాన్ని తగ్గించండి. కింది అంచు నుంచి పైకి ఒక గ్రేడియెంట్ మాస్క్ (మార్పు అంచు నుంచి క్రమంగా తగ్గిపోయే పొర) వేసి ఇసుకలో ఎక్స్‌పోజర్‌ను, అంటే వెలుతురును, ముప్పావు స్టాపు వరకు దించండి (ఒక స్టాపు దించితే వెలుతురు సగమవుతుంది), చెలమ మీద పడిన భాగాన్ని బ్రష్‌తో తీసివేయండి. పై అంచు నుంచి మరొక గ్రేడియెంట్‌ను మబ్బు మీదికి, తూర్పు మూల కొంచెం ఎక్కువ నల్లబడేటట్లు ఏటవాలుగా దించి, వెలుతురు పట్టీకి చాలా ముందే ఆపివేయండి. అప్పుడు పట్టీ, చెలమ రెండే మిగిలి, కన్ను ఒకదాని నుంచి ఇంకొకదానికి తిరుగుతూ ఉంటుంది. పై నుంచి రావలసిన నీటికీ, కింద మిగిలిన కాసిని నీటికీ ఉన్న సంబంధం అక్కడ తెలుస్తుంది, మీ నాన్నగారి కథ అదే కదా.

డీహేజ్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. వాన ముందు గాలిలో ఉండే చెమ్మ వల్లనే దూరపు కొండలు పలచబడి కనిపిస్తాయి. ఆ పొరను తీసివేస్తే కొండలు ముందుకు దూకి వస్తాయి, దూరం పోతుంది, దానితో వాన వాసన కూడా పోతుంది. క్లారిటీని మరీ పెంచితే కొండ అంచు వెంట తెల్లని గీత ఒకటి పుడుతుంది, ప్రింటులో అది ఇంకా బాగా కనిపిస్తుంది. గరుకుదనం కావాలంటే ఇసుక అలల మీద మాత్రమే, అదీ ఎడమ నుంచి ఎండ తగిలి నీడలు పడిన చోట, బ్రష్‌తో కొద్దిగా వేయండి.

వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల వెచ్చదనాన్నీ చల్లదనాన్నీ కెల్విన్ అంకెతో సరిచేసే అమరిక) కెమెరా తనంతట తాను నిర్ణయించి ఉంటే అంతా వెచ్చగా వచ్చి ఉండవచ్చు. కెల్విన్ అంకెను కొంత తగ్గిస్తే మబ్బు నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత ఎండ తగిలిన కొండ చరియలకు మాత్రమే బ్రష్‌తో వెచ్చదనాన్ని తిరిగి ఇవ్వండి. రా ఫైలుగా తీయడం మంచిదైంది: 14 బిట్ల రా ఫైలులో ఒక్కొక్క రంగుకు 16,384 మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో ఉండేవి 256 మాత్రమే, కాబట్టి మబ్బును ఇంతగా లాగినా చారలు పడవు.

టవరు సంగతి మీ ఇష్టం. నేనైతే దాన్ని చెరపను, చీకటిలో కలిపివేస్తాను.

సమాధానం: రేణిగుంట రైలుబండి

ఇంత శ్రమ ఎందుకన్నది నా అభిప్రాయం. ఫొటోషాప్‌లో 2020 నుంచి ఆకాశాన్ని ఒక్క నొక్కుతో మార్చే సదుపాయం ఉంది, ఫోను యాప్‌లలో కూడా దొరుకుతోంది. కొండల వెనుక ఎర్రని సూర్యాస్తమయమో, మెరుపులున్న మబ్బో పెడితే నాటకీయత దానంతట అదే వస్తుంది. ఫొటో కళ అన్నాక అందరూ ఏదో ఒకటి మార్చేవారే.

సమాధానం: శేషాచలం నీడ

మార్చడం కొత్త కాదన్న మాట నిజమే. 1850ల నాటి ఫొటో ప్లేట్లు (ఫిల్ముకు ముందు వాడిన పలకలు) నీలి వెలుతురుకు మరీ త్వరగా స్పందించేవి కాబట్టి, సముద్రం సరిగా వచ్చేసరికి ఆకాశం వెలిసిపోయేది. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగటివ్ నుంచి, ఆకాశాన్ని మరొక నెగటివ్ నుంచి తీసుకుని ఒకే ప్రింటులో అతికించేవాడు. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో ఒక చిన్న ఊరి మీద చంద్రోదయాన్ని తీసి, తర్వాతి దశాబ్దాలలో ప్రింటు వేసిన కొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా చేస్తూ పోయాడు. ఆడమ్స్ ప్రింట్లు వేసే చీకటి గదిలో చేసిన పనికీ చంద్రగిరి మిత్రులు చెప్పిన మాస్కులకూ పెద్ద తేడా లేదు.

అయినా ఈ ఫొటోకు ఎర్రని సూర్యాస్తమయం పనికిరాదు, కారణం నీతి కాదు, దిక్కు. తిరుచానూరు నుంచి చూస్తే తిరుమల కొండలు ఉత్తరాన ఉంటాయి, సూర్యుడు అక్కడ ఏ కాలంలోనూ అస్తమించడు. అక్టోబరులో పడమటికి కాస్త దక్షిణంగా దిగుతాడు కాబట్టి, మనవైపు తిరిగిన చరియలకు ఎడమ నుంచి ఏటవాలుగా ఎండ తగిలి, ఆ రాతి గోడలు ఎర్రబారుతాయి. జూన్‌లో పడమటికి ఉత్తరంగా దిగుతాడు, అప్పుడు అవే చరియలు సాయంత్రం నీడలో ఉండిపోతాయి. ఎర్రబడిన చరియల వెనుకనే సూర్యుణ్ణి కూడా పెడితే, ఆ కొండలను పుట్టిననాటి నుంచి చూస్తున్న పెద్దాయన ఒక్క చూపులో పట్టేస్తారు. పైగా చెలమలోని ప్రతిబింబాన్ని కూడా మార్చాలి, దాన్ని మరచిపోయినవారి ఫొటోలను నేను చాలా చూశాను.

ఈశాన్య రుతుపవనాల కాలంలో మనకు దొరికే అసలు నాటకం వేరే ఉంది. తూర్పున సముద్రం వైపు నుంచి మబ్బు నల్లగా లేస్తుండగా పడమట ఇంకా ఎండ ఉంటుంది, అందువల్ల నల్లని ఆకాశం కింద నేల వెలుగుతూ కనిపిస్తుంది. మీ రా ఫైలులో అది ఉండే ఉంటుంది. ఇసుకను మరీ దించకుండా, ఎడమ పక్క ఒక పాయ ఎండను అలాగే వదిలివేయండి, అది కూడా లేకపోతే వాన ముందటి గడియ కాస్తా రాత్రిగా మారుతుంది. ముప్పావు స్టాపు నాకు కొంచెం ఎక్కువగానే అనిపిస్తోంది.

ప్రశ్న అడిగినవారు: తిరుచానూరు బాటసారి

మొదట చంద్రగిరి మిత్రులు చెప్పినట్లు, తర్వాత శేషాచలం మిత్రులు చెప్పినట్లు చేశాను. ఇసుకలో అర స్టాపు దగ్గర ఆగాను. ఎడమవైపు ఎండ పాయను వదిలేసరికి చెలమకు దారి చూపినట్లుగా ఉంది, అది నేను అనుకోనిది. పై మబ్బులో కొంత భాగాన్ని క్రాప్ చేసి తీసివేశాను. చెలమను కొంచెం వెలిగించకుండా ఉండలేకపోయాను, కానీ పట్టీని దాటనివ్వలేదు. టవరు చీకటిలో కలిసిపోయింది. రేణిగుంట మిత్రుల మాట ప్రకారం మెరుపు కూడా ఒకటి పెట్టి చూశాను, చూసినవారు మెరుపు గురించే మాట్లాడారు, చెలమ ఎవరికీ కనిపించలేదు.

ప్రింటు విషయంలో ఒక మాట చెప్పండి. పరీక్షకు ల్యాబులో చిన్న సైజు తీయిస్తే, తెర మీద ఉన్నదాని కంటే బాగా నల్లగా వచ్చింది.

సమాధానం: చిత్తూరు చీకటిగది

తప్పు ల్యాబుది కాకపోవచ్చు. తెర తానే వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుతురును తిప్పి ఇస్తుంది అంతే. చాలామంది తెర వెలుతురును నిండుగా పెట్టి ఎడిట్ చేస్తారు కాబట్టి, అందులో కనిపించిన నీడల వివరాలు కాగితం మీద మునిగిపోతాయి. తెర పక్కన ఒక తెల్లకాగితాన్ని పగటి వెలుతురులో పట్టుకుని, రెండింటి తెలుపూ సుమారుగా ఒకటయ్యే వరకు తెరను తగ్గించి, అప్పుడు ఫొటోను మళ్లీ చూడండి. నీడలను కొద్దిగా పైకి ఎత్తవలసి వస్తుంది, ముఖ్యంగా కొండల పాదాల దగ్గర.

18 అంగుళాలకు 12 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 5,400కు 3,600 పిక్సెళ్లు కావాలి. మీరు క్రాప్ చేశారు కాబట్టి ఒకసారి సరిచూసుకోండి, 240 చుక్కలకు తగ్గినా గోడ మీద దూరం నుంచి తేడా తెలియదు. ల్యాబు వేరే అడగనంత వరకు ఫైలును ఎస్‌ఆర్‌జీబీలోనే (తెరలూ ల్యాబులూ సాధారణంగా వాడే రంగుల పద్ధతి) ఇవ్వండి. గదిలో కిటికీకి ఎదురుగా తగిలించేటట్లయితే మ్యాట్ కాగితం, అంటే నిగనిగలాడని కాగితం, తీసుకోండి, దానిలో నలుపు కొంచెం పలచగా వస్తుంది కానీ కిటికీ నీడ పడదు. పెద్ద ప్రింటుకు ముందు, చెలమా పట్టీ రెండూ వచ్చేటట్లు ఒక నిలువు ముక్కను మాత్రం అదే కాగితం మీద తీయించండి.

ప్రశ్న అడిగినవారు: తిరుచానూరు బాటసారి

ముక్క తీయించి, నీడలను రెండుసార్లు సవరించి, మ్యాట్ కాగితం మీదే పెద్ద ప్రింటు తీయించాను. నిన్న గోడకు తగిలించాం. నాన్నగారు చాలాసేపు చూసి, ముందుగా మబ్బును వేలితో చూపించి ఇది రాత్రికి కురిసి ఉండాలే అన్నారు. నిజంగానే కురిసింది, ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. తర్వాత చెలమను చూసి, తవ్వినవాడికి పని తెలియదనీ, ఇంకో మూర అవతల తవ్వి ఉంటే నీళ్లు తేటగా ఊరేవనీ తప్పు పట్టారు. టవరు ఎక్కడ పోయిందని మాత్రం అడగలేదు.