బండి 4ఎల్‌లో ఇరుక్కుపోయింది, 2హెచ్‌కి రావట్లేదు (బెంగళూరు)

మారతహళ్లి మట్టిబండి:
అందరికీ నమస్తే. మాది పాత డీజిల్ ఎస్‌యూవీ, మాన్యువల్ గేర్లు. ఫోర్‌వీల్‌కి లివర్ లేదు, డాష్‌బోర్డు మీద తిప్పే స్విచ్ ఉంటుంది. ఆదివారం బూదిగెరె వైపు ఒక మట్టిదారిలో దిగాం, వానకి నీళ్లు నిలిచి బురదబురదగా ఉంది, 4ఎల్ (నాలుగు చక్రాలకీ బలం, స్పీడు తక్కువ) వేస్తే బండి హాయిగా బయటికొచ్చింది. ఆ తర్వాతే తలనొప్పి మొదలైంది. బండి ఆపి, న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కి స్విచ్ 2హెచ్‌కి (రెండు చక్రాలకే బలం, మామూలు రోడ్డుకి) తిప్పితే మీటర్లో లైటు మిణుకుమిణుకుమంటుంది తప్ప ఏమీ మారదు. ఏ గేరులో వెళ్లినా ఇంజిన్ అరుపే, స్పీడు లేదు. వెనకాల లారీల హారన్లు వింటూ ఎలాగో ఇల్లు చేరాను. బేస్‌మెంట్‌లో తిప్పుతుంటే టైర్లు కీచుమంటూ, స్టీరింగ్ బిగుసుకుపోతోంది. గ్యారేజీకి ఫోన్ చేస్తే బండి చూడకుండానే ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) మొత్తం దించాలన్నారు. అంత అవసరమా? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గేర్‌బాక్స్ బాబాయ్:
దించనివ్వకండి, అప్పుడే వద్దు. మీ బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు స్పీడుల్లో తిరగనిచ్చేది) ఉండదు, ఫోర్‌వీల్ వేయగానే రెండూ కలిసి బిగుసుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. బురదలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది, తారు మీద జారదు కాబట్టి తడిబట్ట పిండినట్టు షాఫ్టుల్లో మెలి పడుతుంది. ఆ బరువంతా ట్రాన్స్‌ఫర్ కేస్‌లో గేర్లని కలిపే స్లీవ్ మీద పడి, అది పక్కకి జరగదు. బేస్‌మెంట్‌లో టైర్లు కీచుమన్నది దీనివల్లే.

మట్టి ఉన్న ఖాళీ సైటు ఏదైనా చూసుకుని, స్టీరింగ్ నిటారుగా పెట్టి, రివర్స్‌లో కొంచెం దూరం మెల్లగా వెళ్లండి. అక్కడ ఆగి, న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కే ఉంచి స్విచ్ తిప్పండి. స్విచ్ గబగబా అటూ ఇటూ తిప్పొద్దు, ఒకసారి తిప్పి కాసేపు ఆగాలి. రాకపోతే ముందు చక్రం ఒకటి జాకీతో లేపండి, మెలి ఉంటే విడిపోతుంది. కానీ విడిపోయేటప్పుడు చక్రం ఒక్కసారిగా తిరుగుతుంది, మిగతా చక్రాలకి అడ్డం పెట్టి, చెయ్యి దూరంగా ఉంచండి.

కేఆర్‌పురం కుర్రాడు:
ఎందుకు బ్రో ఇంత టెన్షన్, టో వ్యాన్ పిలిచి ముందు టైర్లు లేపి గ్యారేజీకి లాక్కెళ్లమంటే పోలా.

గేర్‌బాక్స్ బాబాయ్:
అదొక్కటీ చేయొద్దు! ముందు వెనక కలిసి బిగిసిన బండిని రెండు చక్రాల మీద లాగితే, అప్పుడు నిజంగానే ట్రాన్స్‌ఫర్ కేస్ దించాల్సి వస్తుంది. తీసుకెళ్లాల్సొస్తే నాలుగు చక్రాలూ ఎక్కే ఫ్లాట్‌బెడ్ మీదే.

పానా పట్టినోడు:
బాబాయ్ చెప్పింది కరెక్టే, కానీ స్విచ్ బండి కాబట్టి సగం అనుమానం కరెంటు మీద పెట్టండి. జిమ్నీ, థార్‌లలో అయితే లివర్ ఉంటుంది, ఈ గొడవ ఉండదు. మీ దాంట్లో స్విచ్ నుంచి కంట్రోల్ మాడ్యూల్‌కి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్ కేస్‌కి తగిలించిన చిన్న మోటారుకి ఆర్డర్ వెళ్తుంది. క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్ పాడైనా, ఆ మోటారు ఎక్కడుందో చెప్పే సెన్సార్ తప్పు చెప్పినా మాడ్యూల్ పని చేయనంటుంది. బ్యాటరీ వోల్టేజీ కూడా చూడండి, ఇంజిన్ ఆపాక 12.6 దగ్గర ఉండాలి, 12కి దిగితే మోటారుకి ఊపు చాలదు. బండిలో లోపాల కోడ్లు చదివే చౌకరకం ఓబీడీ డాంగుల్ కొని మోసపోకండి, చాలావరకు ఇంజిన్ కోడ్లు తప్ప ఫోర్‌వీల్ మాడ్యూల్‌ని చదవవు.

ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్విచ్ తిప్పించండి, మీరు పక్కన వంగి వినండి (జాకీ మీద ఉన్న బండి కిందకి మాత్రం దూరొద్దు). గుయ్‌మని తిరిగి ఆగిపోతే లోపల మెలి. రిలే టిక్‌మని మోటారు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే వైరింగో, మోటారో.

మారతహళ్లి మట్టిబండి:
అప్‌డేట్. పక్క ఖాళీ సైటులో రివర్స్ వెళ్లాను, స్టీరింగ్ తేలికైంది కానీ లైటు అలాగే మిణుకుతోంది. మా బావమరిది స్విచ్ తిప్పుతుంటే విన్నాను, టిక్ వస్తోంది, మోటారు చప్పుడు లేదు. బ్యాటరీ బాగానే ఉంది. బ్యాటరీ వైరు తీసేసి మోటారు కనెక్టర్ ఊడదీస్తే లోపల నీటి చెమ్మ, పిన్నుల మీద పచ్చటి పొడి! కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో గీకి, ఆరబెట్టి తిరిగి పెట్టాను. మొదటిసారి రాలేదు. సుత్తి కర్రతో మోటారు మీద మెల్లగా తట్టి మళ్లీ తిప్పితే గుయ్‌మని తిరిగి, టక్‌మంది. లైటు పోయింది!! రింగ్‌రోడ్డు మీద టాప్ గేర్ వేసి వచ్చా. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. ఆ మోటారు ఇప్పుడే మార్చాలా?

పానా పట్టినోడు:
తడితే తిరిగిందంటే మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు గానీ, గ్రీజు గానీ అయిపోవచ్చిందని అర్థం, మళ్లీ మొరాయిస్తుంది. విప్పి శుభ్రం చేయించండి, కుదరకపోతే బండి పార్టులు దొరికే జేసీ రోడ్డులో వేరే మోటారు వెతకండి. పాతది చేతిలో పట్టుకెళ్లి పార్ట్ నంబర్ సరిపోల్చుకోకుండా డబ్బు ఇవ్వొద్దు, చూడ్డానికి ఒకేలా ఉండి ప్లగ్గు వేరుగా ఉన్నవి అంటగడతారు.

గేర్‌బాక్స్ బాబాయ్:
కనెక్టర్‌లోకి నీళ్లు వెళ్లాయంటే ట్రాన్స్‌ఫర్ కేస్ బ్రీదర్ గొట్టం (లోపలి గాలి బయటికీ లోపలికీ ఆడే గొట్టం) కూడా చూడండి, ఊడినా పగిలినా లోపలికి నీళ్లు పీలుస్తుంది. ఫిల్లర్ ప్లగ్ తీసి వేలు పెట్టండి, ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే మొత్తం మార్చాలి. ఏ ఆయిల్ అనేది మెకానిక్‌ని అడగొద్దు, ఓనర్ మాన్యువల్ చూడండి. కొన్నింటికి గేర్ ఆయిల్, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్). టైర్లు ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే అదీ చెప్పండి, సైజులో ఆ కొద్దిపాటి తేడాకే ఫోర్‌వీల్‌లో నిటారుగా వెళ్తున్నా మెలి పడుతుంది.

మారతహళ్లి మట్టిబండి:
బ్రీదర్ గొట్టం ఊడే ఉంది బాబాయ్. ఆయిల్ రంగు శనివారం చూసి ఫోటో పెడతా.