రైలులో వెళ్లి రాగలిగే, జనం లేని కార్బెట్ కొండ ఏది?

గ్లాస్గోలో ఉంటాం, కారు లేదు. మన్రోల (స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు దాటిన కొండల) జాబితా పట్టుకుని బెన్ లోమండ్ ఎక్కితే తిరుమల క్యూలైనే గుర్తొచ్చింది. అందుకని అక్కడే 2,500–3,000 అడుగుల మధ్య ఉండే కొండలు, కార్బెట్లకు మారాం. కాబ్లర్ (884 మీటర్లు) కూడా కార్బెట్టే, కానీ శనివారం పైన కూర్చునే చోటు లేదు. టిండ్రమ్ స్టేషన్ నుంచి బెన్ ఓర్ (901 మీటర్లు)కు వెళ్తే మనుషులు లేరు సరే, ఫోను మ్యాపులోని సన్నబాట కూడా గడ్డిలో కలిసిపోయింది. చీలమండల దాకా బురద, పైనుంచి పొగమంచు. సగంలోనే దిగిపోయాం. దిక్సూచితో నడవడం ఇంకా పట్టుబడలేదు.

వెస్ట్ హైలాండ్ రైలు మార్గంలో ఏదైనా స్టేషన్ నుంచి నడిచి, అక్టోబరులో ఆరేడు గంటల్లో ఎక్కి దిగగలిగేలా, శిఖరం దాకా బాట స్పష్టంగా ఉండి, వారాంతంలోనూ ప్రశాంతంగా ఉండే కార్బెట్ ఏది?