టేకు డ్రెస్సింగ్ టేబుల్‌కి తెల్ల పెయింట్ వేస్తే టీ మరకల్లాగా పైకి తేలతా ఉండాయి, ఎవరైనా చెప్పండబ్బా

కొర్లగుంట_కోడలు:

అందరికీ నమస్తే. నాకు ఈ పెయింటింగ్ పిచ్చి కొత్తగా పట్టింది, తిట్టొద్దండి. రెండు వారాల కింద రేణిగుంట రోడ్డులో పాత సామాన్లు అమ్మేచోట ఒక డ్రెస్సింగ్ టేబుల్ కనపడింది, కోడిగుడ్డు ఆకారంలో అద్దం, మూడు సొరుగులు, ఇత్తడి పిడులు, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తా అమ్మేసినారంట. 3500 చెప్పినాడు, బేరమాడి 2200కి తీసుకున్నా, ఆటోకి ఇంకో 300. నల్లగా మెరస్తా ఉండింది, మా బెడ్రూంలో అసలే వెలుతురు తక్కువ, తెల్లగా చేసుకుంటే బాగుంటుంది కదా అని ఇల్లు పెయింట్ వేసినప్పుడు మిగిలిపోయిన గోడ ఎమల్షన్ డబ్బా తీసినా.

ఉప్పు కాగితం ఒక అరగంట రుద్దినా, చెయ్యి నొప్పి పుట్టి చాలనుకున్నా (ఇక్కడే తప్పు చేసినానేమో). ఫస్ట్ కోటు వేసి పడుకున్నా, పొద్దున లేచి చూస్తే సొరుగుల అంచుల్లో, కణుపులు ఉన్నచోట టీ ఒలికినట్టు పసుపు మరకలు. సరే పల్చగా పడిందేమోలే అని రెండో కోటు వేసినా, మళ్ళీ అదే కత, మూడోది కూడా అయింది, మరకలు ఇంకా నవ్వతా ఉండాయి నన్ను చూసి. పైగా నిన్న మూల దగ్గర గోరు తగిలితే పాల మీద మీగడ లేచొచ్చినట్టు పెయింట్ మొత్తం పొరలాగా ఊడొచ్చేసింది, కింద ఆ నల్లటి పాలిష్ అట్లే మెరస్తా ఉంది.

మా ఆయన "వేణ్ణీళ్ళ పొయ్యిలోకి పనికొస్తుందిలే" అంటా ఉన్నాడు, మా అత్తయ్య ఏమీ అనలేదు గానీ ఆ చూపు చాలు. బయట చూస్తే నాలుగు రోజుల నుంచి ముసురు. నాలుగో కోటు వేసేదా, లేక మొత్తం గీకేసేదా? కడాన పారేయమని మాత్రం చెప్పొద్దండి.

పాకాల_పాలిష్:

నాలుగో కోటు వెయ్యొద్దమ్మా. పది కోట్లు వేసినా ఆ మరక వస్తానే ఉంటాది.

నీకు ఉండేది ఒక జబ్బు కాదు, రెండు. మరక ఒకటి, ఊడేది ఒకటి. రెండూ కలిపి ఒకటే అనుకుంటే మందు దొరకదు. మరక సంగతి ముందు. టేకులో దాని నూనె, దాని వగరు దానికే ఉంటాది, పైగా పాతకాలం వాళ్ళు పాలిష్‌లో రంగు కూడా కలిపేవాళ్ళు. నువ్వు వేసింది నీళ్ళ పెయింట్. ఆ తడి తగిలేసరికి లోపలి రంగు కరిగి దాంతో బాటే పైకి ఎక్కొస్తాది, పెయింట్ ఆరేటప్పుడు నీళ్ళు ఎగిరిపోతాయి, రంగు అక్కడే నిలిచిపోతాది. మళ్ళీ నీళ్ళ పెయింటే వేస్తే మళ్ళీ కరుగుతాది. అంతే. కరక్కాయ నీళ్ళు గుడ్డ మీద పడితే ఎట్లుంటాదో చూసినావు కదా, అదే జాతి మరక ఇది.

ఊడేది ఎందుకంటే, నున్నటి పాలిష్ మీద పెయింట్‌కి పట్టు దొరకలా. నువ్వు అరగంట రుద్దినా అంటా ఉండావు, అరగంటలో అద్దం ఫ్రేము కూడా అవదు.

ముందు అది ఏ పాలిషో తెలుసుకో. టేబుల్ వెనకపక్క, ఎవరికీ కనపడనిచోట, దూదికి స్పిరిట్ తడిపి ఒక నిమిషం పెట్టు. వేలికి జిగటగా అంటుకుంటే లక్క పాలిష్. ఏమీ కాకపోతే ఇంకోచోట థిన్నర్‌తో అట్లే చెయ్, మెత్తబడితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ పాలిష్. దేనికీ లొంగకపోతే మెలమైనో పీయూనో (పాలీయురేథేన్), అవి గట్టిపడిపోయే రసాయన పాలిష్‌లు, దాన్ని కాగితంతో రుద్దుకోవాల్సిందే, కరిగేది ఉండదు.

నీ ఎమల్షన్ ఎట్లాగూ పట్టలేదు కాబట్టి దాన్ని తీసేది సులభం, తడిగుడ్డ పది నిమిషాలు వేసి లప్పం (పుట్టీ) బ్లేడుతో తోస్తే వచ్చేస్తాది. నీళ్ళు పోసి నానబెట్టొద్దు. ఆరినాక 120 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 220, చెక్కలో గీతలు ఎటు పోతా ఉంటే అటే రుద్దు, అడ్డం రుద్దితే ఆ గీరలు పెయింట్ కింద నుంచి కూడా కనపడతాయి. మెరుపు చచ్చి సుద్ద రాసినట్టు కనపడాలి. దుమ్ము తుడిచి లక్క కొట్టు. లీటరు స్పిరిట్‌కి పావుకిలో లక్క పెచ్చులు వేసి రాత్రంతా మూతపెట్టి ఉంచు, పాత పంచె గుడ్డలో వడగట్టు. కదపకుండా ఇంకో రోజు పెడితే అడుగున మబ్బుగా మైనం దిగతాది, పైన తేటది మాత్రమే వాడు, ఆ మైనం ఉంటే తర్వాత వేసే పెయింట్ మళ్ళీ జారతాది. రెండు కోట్లు పల్చగా. దాన్ని దాటి మరక పైకి రాదు.

ఒగ మాట, ముసురులో లక్క పని పెట్టుకోవద్దు. గాల్లో తడి ఉంటే బూజు పట్టినట్టు తెల్లగా మసక కడతాది. మంచి ఎండ కాసే రోజు చూసుకో, కానీ ఎండలో పెట్టి కాదు, వరండాలో నీడన. పొయ్యి, దీపం దగ్గర కూడా వద్దు, స్పిరిట్ అంటుకుంటాది.

మంగళం_మామ:

టేకుకి పెయింటా!! పాపం చేసినావు తల్లీ. ఈ కాలంలో టేకు రేటెంతో తెలుసా. అదంతా గీకేసి మళ్ళీ పాలిషే కొట్టించు. మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్ళని చూడండి, ఎర్రచందనం బొమ్మకి రంగు పూస్తారా ఎవరైనా? చెక్క అందం చెక్కదే.

కొర్లగుంట_కోడలు:

పాకాల అన్నా, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు దండం. ఇంత వివరంగా వీడియోల్లో కూడా ఎవరూ చెప్పలేదు, వాళ్ళు డబ్బా తెరవడం చూపించి నేరుగా అయిపోయిన టేబుల్ చూపిస్తారు. రేపు స్పిరిట్ తెచ్చి చూస్తా.

మంగళం అన్నా, ఎర్రచందనం బొమ్మనైతే నేనూ ముట్టుకోను. ఇది ఎవరో వద్దని అమ్మేసుకున్న టేబుల్, షాపులో దాని మీద మూడు చక్రాల సైకిల్ పెట్టి ఉన్నాడు. పాపం నాదొక్కదానిదే కాదు.

చిత్తూరు_పాప:

అక్కా నాదీ ఇదే అనుభవం, కాకపోతే నాది బుక్ షెల్ఫ్. ఇంకోటి చెప్తా, అది మొత్తం టేకేనని ఎట్ల నమ్మినావు? షాపువాళ్ళకి అన్నీ టేకే. పక్క పలకల అంచు చూడు, ఎక్కడైనా పొరలు పొరలుగా కనిపిస్తే అది ప్లై, పైన టేకు తొక్క అతికించింటారు. ఆ తొక్క మందం కాగితమంత ఉంటుంది. నేను 80 నంబరు పెట్టి మహానుభావురాలిలాగా రుద్దేసరికి తొక్క పోయి కింద వేరే రంగు చెక్క బయటపడింది, ఎర్రగా పులిపిరి లేచినట్టు. తొక్క ఉంటే 180తో మొదలుపెట్టి మెల్లగా పో.

సొరుగుల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, ఇది నాకు ఏడుపొచ్చిన విషయం. ముందర పలకకి మాత్రమే పెయింట్ వెయ్యి, పక్కలకి, లోపల జారే చోట వెయ్యొద్దు. నేను అందం కోసం అన్నిపక్కలా వేసినా, రెండు కోట్ల మందం ఎంతుంటుందిలే అనుకున్నా, సొరుగు లోపలికి పోయి అట్లే బిగుసుకుంది, మా నాన్న కాలు గోడకి తన్నిపెట్టి లాగితే పిడి చేతికొచ్చింది, సొరుగు రాలేదు. ఆ లోపల మా అమ్మ కరెంటు బిల్లులన్నీ ఉన్నాయి. పక్కలకి కొవ్వొత్తి రుద్దితే సర్రుమని జారుతుంది, పెయింట్ అక్కర్లేదు.

ఇంకా, ముట్టుకుంటే ఆరినట్టుందని వెంటనే సామాన్లు సర్దేయొద్దు. గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. నేను రెండోరోజే కొబ్బరినూనె సీసా పెట్టేసినా, తీసేటప్పుడు సీసా అడుగుతో పాటు గుండ్రంగా పెయింట్ కూడా లేచొచ్చింది. ఇప్పటికీ ఆ గుండ్రం అట్లే ఉంది, దాని మీద కుంకుమ భరిణె పెట్టి కప్పేసినా.

రాయలచెరువు_రోడ్:

చాక్ పెయింట్ (సుద్దలాగా మెరుపు లేకుండా ఆరేది) వేస్తే రుద్దాల్సిన పనే లేదంటారు కదా, ఎవరైనా ట్రై చేసినారా? ఇంట్లోనే పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కలిపి చేసుకోవచ్చంట.

చిత్తూరు_పాప:

చేసినా. ఒక కప్పు ఎమల్షన్‌కి మూడో వంతు కప్పు పీవోపీ, ముందు పీవోపీని నీళ్ళలో ఉండలు లేకుండా కలుపుకుని తర్వాత పెయింట్‌లో పోయాలి. కొంచెం కొంచెమే కలుపుకో, నేను ఒకేసారి బకెట్ కలిపి ఫోన్ వస్తే మాట్లాడి వచ్చేసరికి ఇడ్లీ పిండి ఇడ్లీ అయిపోయింది. పట్టు బాగానే ఉంటుంది, కానీ టీ మరకలకి అది మందు కాదు, అది కూడా నీళ్ళ పెయింటే కదా. లక్క కోటు దానికీ కావాలి. పైన మైనమో వార్నిషో లేకపోతే చెయ్యి తగిలిన చోటల్లా మురికి పట్టేస్తుంది.

పాకాల_పాలిష్:

పాప చెప్పింది కరెక్టు. తెల్లదాని మీద వార్నిష్ కొట్టేటట్టయితే నూనె వార్నిష్ వద్దు, ఆరు నెలల్లో పసుపు తిరగతాది. నీళ్ళ పీయూ దొరకతాది, అది కొట్టు.

ఇద్దరు_పిల్లల_తండ్రి:

కొంచెం పక్క విషయం, అయినా చెప్పాలి. ఈమెది పాలిష్ టేబుల్ కాబట్టి పర్లేదు గానీ, పాత పెయింట్ వేసిన ఊయలలు, ట్రంకు పెట్టెలు, కిటికీ తలుపులు తెచ్చి రుద్దేవాళ్ళు ఉంటారు ఇక్కడ. పాత ఎనామెల్ పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని రూల్ 2016లో పెట్టినారు, అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లో. దానికి ముందు డబ్బాల్లో ఎంత ఉందో ఎవరికి తెలుసు. అట్లాంటివాటిని పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ము పిల్లల నోట్లోకి పోతే మెదడుకే దెబ్బ. వాటర్ పేపర్ తెచ్చుకుని తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, ఆ నీళ్ళు తులసికోట పక్కన పారబోయొద్దు. హీట్ గన్‌తో కాల్చి గీకేది అసలొద్దు.

మా చిన్నాయన వాళ్ళింట్లో 40 ఏళ్ళ నాటి పచ్చ పెయింట్ ఊయల ఉంది, నలుగురు పిల్లలు దాని అంచు కొరుక్కుంటా పెరిగినారు. మా వంతు వచ్చినప్పుడు నేను తీసుకోలేదు. "మా పిల్లోళ్ళకి ఏమైందిరా" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

మంగళం_మామ:

ఊయలకి నేనూ ఒప్పుకుంటా. టేకుకి మాత్రం పెయింట్ తప్పే.

కొర్లగుంట_కోడలు:

అప్‌డేట్ 😀 ముసురు పోయి మూడు రోజులు మంచి ఎండ కాసింది. స్పిరిట్ దూది పెట్టినా, నిమిషం కూడా కాలేదు, వేలికి బెల్లం పాకంలాగా తీగ సాగింది. లక్క పాలిషే. ఎమల్షన్ తడిగుడ్డతో అట్లట్లే వచ్చేసింది, మూడు కోట్లూ కలిసి రుమాలంత ముక్కలు ముక్కలుగా ఊడినాయి, మా చిన్నోడు వాటితో ఆడుకున్నాడు.

చిత్తూరు పాప చెప్పినట్టు అంచు చూసినా. ఫ్రేము, కాళ్ళు, సొరుగుల ముందు పలకలు టేకే, పక్క పలకలు రెండూ ప్లై! ఎడమ పక్కది అడుగున ఉబ్బి కూడా ఉంది, ఎప్పుడో నీళ్ళు తగిలినట్టుంది. మాకు 2021 నవంబర్ వరదలో ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు మంచం పలక ఇట్లే ఉబ్బింది, చూడగానే గుర్తుపట్టినా.

సొరుగు పలక మీద పాలిష్ స్పిరిట్‌తో తుడస్తా పోతే లోపల నుంచి తేనె రంగు బయటికొచ్చింది, సన్నగా గీతలు, ఒక మూల చిన్న కణుపు. ఆ నలుపంతా మురికీ పాత పాలిషే, చెక్కది కాదు. నేను అట్లే పట్టుకుని కూర్చున్నా కాసేపు. మా అత్తయ్య వచ్చి వేలితో రుద్ది చూసి, "మా పుట్టింట్లో ఇట్లాంటి పెట్టె ఉండింది, పాకాలలో" అని అంది. మూడు వారాల్లో ఈ టేబుల్ గురించి ఆమె మాట్లాడింది ఇదే మొదలు.

కాబట్టి మంగళం అన్నా, సగం మీరు గెలిచినారు. సొరుగులు, అద్దం ఫ్రేము చెక్క రంగులోనే ఉంచి తేట లక్క కొట్టినా. పక్క పలకలు, కాళ్ళు తెలుపు. ప్లై ఉబ్బిన చోట లప్పం పెట్టి రుద్దినా, లక్క రెండు కోట్లు, దాని మీద పెయింట్ రెండు కోట్లు. ఇవాళ్టికి ఐదో రోజు, మరక ఒక్కటి రాలేదు. సీసాలేమీ పెట్టలేదు, చీటీ అతికించినా "ముట్టుకోవద్దు" అని.

మొత్తం ఖర్చు స్పిరిట్, లక్క, కాగితాలు, బ్రష్షు అన్నీ కలిపి 900 దాకా అయింది. మిగిలిన ఎమల్షనే వాడినా.

చిత్తూరు_పాప:

సూపర్ అక్కా. సొరుగుల లోపల ఉత్తగా వదిలేయొద్దు, కలంకారీ గుడ్డ ముక్కలు ఉంటే ఫెవికాల్ నీళ్ళగా చేసి అతికించు, తీసినప్పుడల్లా భలే ఉంటుంది. కాళహస్తి చేతిపనిది అయితే మాత్రం వద్దు, అంత కష్టపడి కలంతో గీసింది సొరుగులో వేస్తే నాకు మనసొప్పదు, అచ్చు వేసిన బ్లౌజు ముక్క చాలు. ముందు చిన్న ముక్క తడిపి చూడు, రంగు దిగితే చెక్క పాడవుతుంది.

మంగళం_మామ:

సగం గెలుపు కూడా గెలుపే. ఫోటో పెట్టమ్మా. కాళ్ళు కూడా టేకే కదా, వాటికెందుకు తెలుపు, అని అడగను.

కొర్లగుంట_కోడలు:

అడిగేసినారుగా 😂 కాళ్ళకి ముందు ఎవరో మేకులు కొట్టి తీసిన బొక్కలు, లప్పం నింపితే మచ్చలు మచ్చలుగా కనపడతా ఉండింది, అందుకే.

ఇంకొక్కటి అడగాలి. ఇత్తడి పిడులు చింతపండు, ఉప్పు పెట్టి తోమితే బంగారంలాగా వచ్చినాయి, కానీ ఆరింటికి ఐదే ఉన్నాయి. ఒకటి లేదు. గాంధీ రోడ్డులో హార్డ్‌వేర్ షాపులు నాలుగు తిరిగినా, అన్నీ స్టీలువే, ఇత్తడివి ఉన్నా డిజైన్ వేరే.

పాకాల_పాలిష్:

పిడి ఒకటి ఊడదీసి వెనకాల బోల్టు మధ్య దూరం స్కేలు పెట్టి కొలిచి రాయి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో పెట్టు. నా దగ్గర పాత బీరువాలవి ఒక డబ్బా నిండా ఉండాయి, ఆదివారం చూసి చెప్తా.