లెడ్ జెప్పెలిన్ వైట్ లేబుల్ ప్రోమో: కొనే ముందు ఏం చూడాలి?

అలిపిరి_ఎల్పీ (తిరుపతి):
లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్ (1971), అమెరికా వైట్ లేబుల్ ప్రోమో (రేడియో స్టేషన్లకు పంపిన తెల్ల లేబుల్ కాపీ), అదీ మోనో (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం) అని ఒకాయన అమ్మకానికి పెట్టినారు. ఫొటోల్లో కవర్ ముందూ వెనకా, ఒకవైపు లేబుల్ మాత్రమే ఉన్నాయి. కవర్ మీద ‘నాట్ ఫర్ సేల్’ స్టిక్కర్ ఉంది. కండిషన్ వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్, కాస్త వాడినా బాగున్నది) అంటున్నారు. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ ప్రోమో 45 (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు) కూడా ఆయన దగ్గరే ఉందంట, రెండూ కలిపి తెప్పిస్తే పోస్టేజీ కలిసొస్తుంది. డబ్బు పంపకముందు ఏం అడగాలి? మన ఎండలకు దారిలో వంగిపోకుండా ఎప్పుడు పంపమనాలి?

మోనో_మావ (చిత్తూరు):
కవర్ని నమ్మొద్దబ్బా. స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు, కవర్లు తారుమారవుతాయి. మామూలు దుకాణం కాపీకే స్టిక్కరో ముద్రో వేసి రేడియో స్టేషన్లకు పంపినవి బోలెడు, వాటి ధర వేరే. కవర్ మూల కత్తిరించి ఉన్నంత మాత్రాన ప్రోమో అనుకోకు, చాలావరకు అది అమ్ముడుపోని సరుకు తక్కువకు వదిలించుకున్న గుర్తు.

రెండు వైపులా లేబుల్, రెండు వైపులా పాట అయిపోయాక వచ్చే ఖాళీ భాగం (డెడ్ వాక్స్) ఫొటోలు అడుగు. ఫ్లాష్ వద్దు, టార్చి పక్కనుంచి ఏటవాలుగా పట్టమను, చెక్కిన అక్షరాలు అప్పుడే తేలతాయి. తెల్ల లేబుల్ అయినంత మాత్రాన మోనో కాదు, స్టీరియో ప్రోమోలకూ తెల్ల లేబుల్ ఉంది. లేబుల్ మీద ‘మోనో’ అని ఉండాలి. అట్లాంటిక్ (లెడ్ జెప్పెలిన్ రికార్డు కంపెనీ) వాళ్ల నంబర్లో ‘ఎస్‌డీ’, డెడ్ వాక్స్‌లో ‘ఎస్‌టీ-ఏ’ కనిపిస్తే అది స్టీరియో.

ఇంకా అనుమానముంటే ఒక నిమిషం పాట డబ్ల్యూఏవీ ఫైలుగా పంపమను, ఎంపీ3 వద్దు. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రెండు చానళ్లు విడదీసి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి, రెండూ కలిపి మోనో చెయ్. నిజమైన మోనో అయితే పాట దాదాపు మాయమై చిటపటలే మిగుల్తాయి. పాట గట్టిగా మిగిలితే స్టీరియో. ఆయన రికార్డింగులో మోనో బటన్ నొక్కి ఉండకూడదు, అది ముందే చెప్పు. ఇంకో మాట, ఈ మోనో ప్రత్యేకంగా చేసిన మిక్స్ కాదు, మోనోలోనే ప్రసారం చేసే అప్పటి ఏఎం రేడియో స్టేషన్ల కోసం స్టీరియోని కలిపేసిందే. అరుదైనదని కొను, కొత్త సౌండ్ వస్తుందని కొనొద్దు.

రంగు వినైల్ మీద ‘రేడియోకి మాత్రమే’ అని వచ్చేవి చాలావరకు దొంగ సరుకే. 10ఎక్స్ భూతద్దంలో లేబుల్ అచ్చు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే స్కాన్ చేసి వేసిందని అనుమానించు.

సూది_శీను (తిరుపతి):
మావ చెప్పినదానికి ఒకటి కలుపుతా. రేడియో కాపీకి వీజీ ప్లస్ అని కంటితో చూసి ఇస్తే చాలదు. డీజేలు పాట మొదలు పట్టుకోడానికి సూది కింద రికార్డును వెనక్కీ ముందుకీ తిప్పేవాళ్లు. దాంతో మొదటి ఒకటి రెండు చుట్లు అరిగి ‘స్‌స్’ అని బుస కొడుతుంది, గీత మాత్రం కనబడదు. మొదటివైపు చివర ‘స్టెయిర్‌వే’ మెల్లగా గిటార్‌తో మొదలవుతుంది చూడు, అరిగుంటే అక్కడ తప్పకుండా దొరికిపోతుంది. ఆ మొదటి 30 సెకన్లు పంపమను.

45 గురించి: ఆ పాట అప్పట్లో అమెరికాలో సింగిల్‌గా అమ్మకానికి రాలేదు, అందుకే ప్రోమోకి అంత గిరాకీ. దాదాపు 8 నిమిషాలు 7 అంగుళాల్లో ఇరికించారు కాబట్టి గాడులు సన్నం, శబ్దం తక్కువ, చిన్న గీతకే చప్పుడు పైకొస్తుంది. అది వినైలా స్టైరీనా అని కూడా అడుగు. అమెరికా 45లు చాలా స్టైరీన్‌వి. అది గట్టిగా, పెళుసుగా ఉంటుంది, లేబుల్ పైన అంటించినట్టుంటుంది, అరుగుడు ఎక్కువ, అంచు పగుల్తుంది. మధ్యలో పెద్ద బొక్క ఉంటుంది, అడాప్టర్ సిద్ధం చేసుకో.

స్టేషన్ పేరు పెన్నుతో రాసున్నా నేనైతే వదలను. అది రేడియోలో మోగిన రికార్డని చెప్పే రాత.

నల్లచక్రం (చిత్తూరు):
డిసెంబర్ చివరినుంచి ఫిబ్రవరిలోపు అందేలా పంపమనండి. నవంబర్ వానలు, ఏప్రిల్ తర్వాత ఎండ, రెండూ చేటే. ఎండలో ఆగిన వ్యాన్ లోపలి వేడికి వినైల్ మెత్తబడుతుంది. రికార్డును కవర్లోంచి తీసి, లోపలి పాలిథిన్ సంచిలో కవర్ వెనక విడిగా పెట్టమనండి. లోపలే ఉంటే దారిలో జారి కవర్ అంచు అతుకు చించేస్తుంది. రెండు పక్కలా గట్టి అట్టలు, అట్ట లోపలి ముడతలు ఒకదానిలో అడ్డంగా, ఇంకోదానిలో నిలువుగా ఉండాలి.

‘గిఫ్ట్’ అని రాయించొద్దు, ధర తగ్గించొద్దు. పోతే ఇన్సూరెన్స్‌లో పూర్తి డబ్బు రాదు. బయటి దేశం నుంచి వస్తే సుంకం పోస్టేజీ కూడా కలిపి లెక్కేస్తారు, బడ్జెట్లో వేసుకోండి.

అలిపిరి_ఎల్పీ:
థాంక్స్ అన్నా, లేబుళ్లు, డెడ్ వాక్స్, ఆడియో అడుగుతా. ఇంట్లో బీరువా పైన పెట్టొచ్చా? మాది మిద్దె కింద గది.

నల్లచక్రం:
వద్దు, శ్లాబు వేడి నేరుగా పైనే దిగుతుంది. కింది అరలో, పడమటి గోడకు దూరంగా, నిలువుగా పెట్టండి. పీవీసీ తొడుగులు వాడొద్దు, వినైల్ మీద మసక పడుతుంది. పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. కడగడానికి కొళాయి నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు మరకలు ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి, లేబుల్ తడవనివ్వకండి.