ట్రిపుల్ ఐటీ సీట్లలో సర్కారు బడికి 0.4: మెరిట్‌కు అన్యాయమా?

లెక్కలపంతులు:
0.4 అంటే ఏదో కంటితుడుపు అనుకునేవాళ్ల కోసం ముందు లెక్క. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మామూలుగా ఎంట్రన్స్ ఉండదు, పదో తరగతి ఫలితంతోనే సీటు. జీపీఏ ఉన్న ఏళ్లలో జెడ్పీ, మున్సిపల్ లాంటి హాస్టల్ లేని సర్కారు బడుల పిల్లల జీపీఏకి 0.4 కలిపేవారు. జీపీఏ అంటే ఆరు సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు కదా, ఏ1కి 10, ఏ2కి 9. ఒక్కదాంట్లో ఏ1 పోయి ఏ2 వస్తే 9.8, రెండింట్లో 9.7, మూడింట్లో 9.5. ఇప్పుడు కలపండి. రెండు ఏ2లున్న జెడ్పీ పిల్ల 10.1తో ప్రైవేటు 10ని దాటుతుంది. మూడున్న పిల్ల 9.9 దగ్గరే ఆగిపోతుంది. రెండు గ్రేడ్ల వెసులుబాటు, అంతే.

నిక్కచ్చి:
అంతేనా? ప్రైవేటులో పదికి పది తెచ్చుకున్న పిల్ల చేసిన తప్పేంటి? ఆటో నడిపేవాళ్లు, కూలికెళ్లేవాళ్లు కూడా అప్పు చేసి కాన్వెంటు ఫీజు కడుతున్నారు. బడి బోర్డు చూసి పేదరికం కొలుస్తారా?

లెక్కలపంతులు:
ఆ పదికి పది సంగతే చూద్దాం. 91 వచ్చినా ఏ1, 100 వచ్చినా ఏ1. తెలంగాణలో 20 మార్కులు ఇంటర్నల్, వేసేది ఆ బడే. పరీక్షలో 80కి 71 వచ్చిన పిల్లాడికి బడి 20 వేస్తే ఏ1, 17 వేస్తే ఏ2. రాసిన జవాబులు మాత్రం అవే! మెరిట్ అంటున్నదాంట్లో యాజమాన్యం చెయ్యి కూడా ఉందండీ.

గట్టుమీదపిట్ట:
నిక్కచ్చి గారూ, బడి కాదంటే ఇక మిగిలేది ఆదాయ సర్టిఫికెట్. అది ఎలా పుడుతుందో తెలియనిదెవరికి? బడినైతే యూడైస్ కోడ్‌తో, అంటే ప్రతి బడికీ ఉండే గుర్తింపు నంబరుతో, నిమిషంలో సరిచూడొచ్చు. అసలు కన్నం వేరేచోట ఉంది: ఎనిమిది దాకా కాన్వెంటులో చదివించి, చివర్లో జెడ్పీలో చేర్పించడం. తమిళనాడు 2020లో మెడికల్ సీట్లలో 7.5 శాతం సర్కారు బడి పిల్లలకు ఇచ్చినప్పుడు 6 నుంచి 12 దాకా అక్కడే చదివుండాలని చట్టంలోనే రాసుకుంది. మనం 6 నుంచి 10 అని పెట్టలేమా?

నిక్కచ్చి:
పెట్టండి, దానికి నేనూ సరే. మరి గురుకులాల పిల్లలు? సర్కారు బడే, పేద ఇళ్లే. హాస్టల్ ఉందని 0.4 ఎగ్గొట్టారు.

లెక్కలపంతులు:
ఇది మాత్రం మీరన్నదే నిజం. హాస్టల్లో వేళకు తిండి, రాత్రి స్టడీ అవర్ ఉంటాయి నిజమే, అయినా ఏకంగా సున్నా చేయడం ఎక్కువే. 0.2 ఇచ్చి చూడండి: ఒక్క ఏ2 ఉన్న గురుకులం పిల్ల 9.8 కాస్తా 10 అవుతుంది. టై పడితే ముందు లెక్కల గ్రేడు చూసేవారు. ఆ ఏ2 లెక్కల్లోనే వచ్చిందా, ఇక 0.2 కూడా ఆదుకోదు.